వేపచెట్టుకి గుండు

నేను చెట్లకి గుండ్లు కొట్టించినవాణ్ని. ఒకటా రెండా, ముప్పై నాలుగేళ్ల నౌకరీలో ఎన్ని తలలు తీయించానో లెక్క లేదు. నాది తీగల కింద పని. ఏ ఆఫీసని అడక్కండి, రాయ్‌పూర్‌లో తీగలున్న ఆఫీసులు చాలానే ఉన్నాయి. ఏటా హోలీ రంగులు ఆరకముందే పైనుంచి కాగితం వచ్చేది: అంధడ్ రోజులొస్తున్నాయి, లైను మీదికి వాలిన కొమ్మలు తీయించండి, అని. నలుగురు కూలీలు, రెండు మోకులు, ఒక నిచ్చెన, మనిషికో గొడ్డలి. పొద్దున్న బయల్దేరితే సాయంత్రానికి వీధంతా మోళ్లు. ఆ వీధివాళ్లు మమ్మల్ని తిట్టేవారు. నాకు మాత్రం, ఇంక రెండేళ్ల దాకా ఇటు రానక్కర్లేదు అని నిశ్చింతగా ఉండేది.

ఆ నిశ్చింత ఎంత తప్పో నాకు తెలియడానికి ఒక స్కూటరూ ఒక మేనకోడలూ కావలసివచ్చాయి.

ముందు అంధడ్ అంటే ఏటో కోస్తావాళ్లకి చెప్పాలి. మన వైపు గాలివాన సముద్రం నుంచి వస్తుంది. వాయుగుండం పుట్టిన రోజు నుంచీ దాని నడక చెబుతూనే ఉంటారు, దానికో పేరు కూడా పెడతారు. ఇక్కడి గాలికి పేరూ ఊరూ ఉండవు. మే నెలలో ఎండ 44 డిగ్రీల దగ్గర కూర్చుంటుంది. మధ్యాహ్నం మూడు దాటాక ఆకాశం ఒక మూల మట్టిరంగుకి తిరుగుతుంది. దండెం మీద బట్టలు తీసేలోపే దుమ్ము, ఆ వెనకే గాలి, నాలుగు లావుపాటి చినుకులు, ఒక్కోసారి వడగళ్లు. అంతా కలిపి ఇరవై నిమిషాలు. తర్వాత చూస్తే రోడ్డుకి అడ్డంగా గుల్‌మొహర్ కొమ్మ, దాని కింద తీగ, తీగతోపాటు ఒరిగిపోయిన స్తంభం.

గాలికి ఒక లెక్క ఉంది. వేగం రెండింతలైతే చెట్టు మీద తోపు నాలుగింతలవుతుంది. గంటకి నలభై కిలోమీటర్ల గాలిని నవ్వుతూ తట్టుకున్న కొమ్మ, ఎనభై దగ్గర ఎందుకు పుటుక్కుమంటుందో ఇందులో ఉంది. విశాఖలో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు గాలి 180 కిలోమీటర్ల దరిదాపుల్లో వీచింది. మా అక్క ఉండేది అక్కడే. మూడో రోజుకి ఫోను కలిసింది. "ఊరికి గుండు గీసినట్టుందిరా, కొండ మీద ఆకన్నది లేదు" అంది. ఆ తుపాను మిగులే ఛత్తీస్‌గఢ్ మీదుగా పైకి పోయి నేపాల్ కొండల్లో మంచై కురిసింది. ఇక్కడ మాకు ముసురు పట్టింది, అంతే.

మేము రాయ్‌పూర్‌కి ఎలా వచ్చామంటే రైలు పట్టాలు పట్టుకుని. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా ఇక్కడికి 1931లో లైను పూర్తయింది. అప్పట్నుంచీ మా వైపు మనుషులు రైల్వే పనులకీ కూలికీ ఈ ఊరు వస్తూనే ఉన్నారు. వేగన్లు బాగుచేసే కార్ఖానా చుట్టూ ఉన్న డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఇప్పటికీ సంక్రాంతికి ముగ్గులు కనబడతాయి. దసరాకి అక్కడ కాల్చే రావణుణ్ని చూడ్డానికి ఊరంతా వస్తుంది. మా ఇల్లు అక్కడికి దగ్గర్లోనే. ఇంటి ముందు మా నాన్న నాటిన వేప. ఉగాది పచ్చడికి పువ్వు దాని నుంచే.

2009 వేసవిలో ఆ వేపకి నేనే గుండు కొట్టించాను. ఆఫీసు పని కాదు, సొంత పని. కొమ్మలు మేడ మీదికి వంగుతున్నాయని, గాలికి ఎక్కడ పడుతుందోనని మా ఆవిడ భయపడుతూంటే, మనకి తెలిసిన విద్యే కదా అని మనుషుల్ని పిలిచాను. పదిహేను అడుగుల ఎత్తున మానునీ, పెద్ద కొమ్మలు నాలుగింటినీ అడ్డంగా నరికించాను. ఆరు నెలలు తిరిగేసరికి మోడు నిండా పిలకలు, గుబురుగా, గొడుగులాగా. చూశావా, చెట్టుకి బలమొచ్చింది అన్నాను. ఏడేళ్ల తర్వాత, 2016 మే నెలలో ఓ అంధడ్‌కి ఆ పిలకల్లో ఒకటి, అప్పటికి తొడంత లావు కొమ్మ, మొదలంటా ఊడి మా బావమరిది కొత్త స్కూటరు మీద పడింది. విరగలేదు, ఊడింది. గోడకి కొట్టిన మేకు సున్నంతో సహా ఊడివచ్చినట్టు.

ఆ తర్వాతి నెలలో మా మేనకోడలు సమతా ఎక్స్‌ప్రెస్ దిగింది. వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన శాస్త్రం చదివిన గుంట. గుమ్మంలో చెప్పులైనా విప్పకుండా తల ఎత్తి చూసింది.

"మావయ్యా, ఈ చెట్టుకి గుండు కొట్టించింది ఎవలు?"

"నేనేనమ్మా. ఏం?"

"ఏం లేదు. ఇన్నాళ్లూ దీని కింద పడుకున్నావు కదా, ధైర్యవంతుడివే."

ఆ మధ్యాహ్నం నిచ్చెన వేయించుకుని పైకెక్కి, నన్నూ ఎక్కమంది. అప్పుడు చూశాను. నేను నరికించిన మోడు నెత్తిన దోసెడు నీళ్లు పట్టే తొర్ర. వేలు పెడితే చేవ అంతా రొట్టెముక్కలా రాలుతోంది. ఆ పుచ్చిన గిన్నె అంచు చుట్టూ, పైపై బెరడుకి అతుక్కుని, మిగతా మూడు పిలకలు నిలబడి ఉన్నాయి.

గుంట చెప్పిందాన్ని నాకు అర్థమైన మాటల్లో చెబుతాను. ఆకు చెట్టుకి వంటిల్లు. తల మొత్తం తీసేస్తే చెట్టు ఆకలితో గాభరాపడి, బెరడు కింద నిద్రపోతున్న మొగ్గలన్నిట్నీ ఒక్కసారి లేపుతుంది. అవే పిలకలు. బలంతో వచ్చినవి కావు, దాచుకున్న తిండి ఖర్చుపెట్టి అప్పు చేసినట్టు వచ్చినవి. మామూలు కొమ్మ పుట్టినప్పటి నుంచీ మానుతో కలిసి ఏటా ఒక్కో పొరా అల్లుకుంటూ పెరుగుతుంది. దాని మొదలు మాను లోపలి దాకా దిగి ఉంటుంది. పిలకకి ఆ వేరు లేదు, బయటి పొర మీదే దాని కాపురం. పైగా తొందరగా పెరుగుతుంది, గుబురుగా పెరుగుతుంది, గాలికి నిండు తెరచాపలా ఎదురు నిలుస్తుంది. కింద మోడు పుచ్చుతూ ఉంటుంది. అయిదారేళ్లలో రెండూ ఒకచోట కలుస్తాయి, బరువెక్కిన పిలకా, డొల్లబడ్డ మోడూ. కింద ఏ స్కూటరో ఉంటుంది.

అంటే గాలికి పడకుండా చెట్లని నరికించానని ముప్పై నాలుగేళ్లు నేననుకున్నది, నిజానికి ఏడేళ్ల తర్వాతి గాలికి చెట్లని తయారుచేయడం.

ఈ సంగతి ప్రపంచానికి విప్పి చెప్పినవాడు అలెక్స్ షైగో అని ఒక అమెరికన్. 1959లో అక్కడి అటవీ శాఖలో చేరాడు. అంతకుముందు పుచ్చుని పరిశీలించేవాళ్లు దుంగని అడ్డంగా కోసి చూసేవారు. షైగో మోటారు రంపంతో చెట్లని నిలువునా, కొమ్మ నుంచి మాను దాకా చీల్చి చూశాడు, ఒకటి రెండు కాదు, వేల చెట్లని. ఆయన చూసిందేమంటే, చెట్టుకి గాయం మానదు. మన కాలికి దెబ్బ తగిలితే పాడైన చోటే కొత్త చర్మం వస్తుంది. చెట్టు పాడైన భాగాన్ని బాగుచేయదు, దాని చుట్టూ గోడ కడుతుంది. పుచ్చుని ఆ గోడ లోపల బంధించి, బయట కొత్త కలప పెంచుకుంటూ పోతుంది. 1977లో ఈ గోడల లెక్కని ఆయన అచ్చువేశాడు. ఇవాళ చాలా దేశాల్లో చెట్టు కత్తిరింపు నేర్పేవాళ్లు అక్కడే మొదలుపెడతారు.

గోడ బాగా కట్టుకునే చోటు చెట్టుకి ఒకటుంది. కొమ్మ మాను నుంచి పుట్టేచోట చిన్న ఉబ్బు చుట్టూ ఉంటుంది, కాలికి కడియంలాగా. మా గుంట దాన్ని కడియమనే పిలిచింది, నేనూ అదే పిలుస్తాను. విద్య అంతా ఆ కడియం బయటే కోయడంలో ఉంది. మేమేం చేసేవాళ్లమంటే, శుభ్రంగా ఉండాలని కడియంతో సహా మానుకి సమంగా చెక్కేసేవాళ్లం, లేదా బద్ధకించి మూరెడు మొద్దు వదిలేసేవాళ్లం. మొదటిది గోడ కట్టే మేస్త్రీనే చంపడం. రెండోది పుచ్చుకి మెట్లు వేసి పెట్టడం. కోత కుదిరిందో లేదో ఏడాది తర్వాత చెట్టే చెబుతుంది. కుదిరితే గాయం చుట్టూ గారెలాగా గుండ్రటి అంచు లేస్తుంది. పక్కల మాత్రమే లేచి పైనా కిందా లేవకపోతే తప్పు కోసినట్టు.

లావు కొమ్మని ఒక్క కోతలో తీయకూడదు. సగం తెగేసరికి బరువుకి వంగి, కింది బెరడుని మాను పొడుగునా చీల్చుకుంటూ పోతుంది. అందుకని మూడు కోతలు. మొదటిది మానుకి జానెడు ఎడంగా, కింద నుంచి, కొమ్మ లావులో మూడో వంతు లోతు. రెండోది దానికి రెండంగుళాలు బయటగా, పైనుంచి. కొమ్మ అక్కడికి తెగి పడుతుంది, బెరడు చీలిక కింది కోత దగ్గర ఆగిపోతుంది. మిగిలిన జానెడు మొద్దుని మూడో కోతలో కడియం బయట నిదానంగా తీయాలి. తీశాక గాయానికి ఏమీ పూయక్కర్లేదు. ఇక్కడ గేరూ అనే ఎర్రమట్టి పూస్తారు, మన వైపు పేడ, కొందరు తారు. పూత పుచ్చుని ఆపదనీ, తడిని లోపల పట్టి ఉంచుతుందనీ షైగో పరీక్షలు పెట్టి మరీ చెప్పాడు. గేరూ పూసిన మోడు ఫొటోకి బాగుంటుంది, ఆ ప్రయోజనం మాత్రం కాదనను.

మరి ఏ కొమ్మ తీయాలి? ఎండినది, విరిగి వేలాడేది, ఒకదానితో ఒకటి రాసుకునేది, ఇవి ఎవరైనా చెబుతారు. కన్ను పడవలసింది పంగల మీద. రెండు సమానమైన మానులు ఒకేచోట చీలి పైకి పోతున్నప్పుడు, మధ్య సందు వెడల్పుగా, పెద్దబాలశిక్షలో 'ప' లాగా ఉంటే భయం లేదు. ఇరుగ్గా, రెండు మానుల మధ్య కాగితం పట్టనట్టు ఉంటే, లోపల బెరడు బెరడుని నొక్కుకుంటోందన్నమాట. చూడ్డానికి అతుకు, నిజానికి పగులు. పెద్ద గాలికి నిట్టనిలువునా చీలే చెట్లలో చాలా వాటికి జబ్బు ఇక్కడే. చెట్టు పసిదిగా ఉన్నప్పుడే రెండింట్లో ఒకదాన్ని వేలి లావులో కత్తెరతో తీసేస్తే పోయేదానికి, ముప్పై ఏళ్లు ఆగి క్రేన్ పిలుస్తాం.

పొడుగ్గా బయటికి పాకి కొసన బరువెక్కిన కొమ్మని మొత్తం తీయనక్కర్లేదు. దాని మీదే ఉన్న ఓ పక్కకొమ్మ దాకా కురచ చేస్తే చాలు. ఆ పక్కకొమ్మ, తీసేదాని లావులో కనీసం మూడో వంతుండాలి, లేకపోతే తిండి చాలక పిలకలు వేస్తుంది. ఒక ఏడాదిలో పచ్చని గుబురులో నాలుగో వంతు మించి ముట్టుకోకూడదు. ముసలి చెట్టయితే అంత కూడా వద్దు. ఇంకో తప్పు చాలామంది మంచిదనుకుని చేస్తారు. గాలి ఆడాలని లోపలి చిన్న రెమ్మలన్నీ దులిపేసి కొసన కుచ్చు మాత్రం వదులుతారు, వింజామరలాగా. ఆ కొమ్మ కొసబరువుతో ఊగి ఊగి మధ్యలో విరుగుతుంది. మేకల కోసం దోటీతో రావికొమ్మలు లాగేవాళ్లు రోడ్డు పొడుగునా ఇదే పని చేస్తారు, వాళ్లనేమనగలం, వాళ్ల మేకలు ఆకలిమీదుంటాయి.

ఇదంతా పుస్తకాల మాట కాదా అని నేనూ అడిగాను. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రానికి తుపాన్లు మన కోస్తాకి చుట్టాల్లాంటివి. 1992లో ఆండ్రూ అని ఓ పెద్ద తుపాను కొట్టాక అక్కడి విశ్వవిద్యాలయంవాళ్లు వీధివీధీ తిరిగి లెక్క తీశారు. పద్ధతిగా కత్తిరించిన చెట్లు, అసలు ముట్టుకోని చెట్ల కన్నా ఎక్కువ నిలబడ్డాయి. తర్వాత పెద్ద పెద్ద ఫ్యాన్లు పెట్టి చెట్ల మీదికి తుపాను గాలి తోలి మరీ చూశారు. సింగపూర్ రోడ్ల మీద నీడనిచ్చేవాటిలో మన నిద్రగన్నేరు చెట్లు చాలానే ఉన్నాయి. అక్కడ ఒక్కో చెట్టునీ వంతుల ప్రకారం చూసి కత్తిరిస్తారు. అదే నిద్రగన్నేరు మన రైల్వే స్టేషన్ల ముందు మోడై నిలబడి ఉంటుంది.

కత్తిరింపు కొమ్మ విరగడాన్ని ఆపుతుంది. చెట్టు వేళ్లతో సహా ఒరగడం వేరే కథ. రాయ్‌పూర్‌లో వేసవి అంధడ్‌కి కొమ్మలు విరిగితే, శ్రావణంలో నేల నాని చెట్లు ఒరుగుతాయి. ఇక్కడి రైతులు నేలకి నాలుగు పేర్లు పెట్టుకున్నారు: భాటా, మటాసీ, డోర్సా, కన్హార్. భాటా ఎర్రటి గరప నేల, మూరెడు కింద రాయిలా గట్టి పొర. కన్హార్ నల్లరేగడి, తడిస్తే జారుడు బంక. రెండూ పెద్ద చెట్టుకి చిక్కులే. అసలు వేళ్లు పాతాళానికి పోతాయన్నది మన భ్రమ. ఎంత పెద్ద మానుకైనా వేళ్లలో ఎక్కువ భాగం పై రెండు మూడు అడుగుల్లోనే, కొమ్మల నీడ దాటి బయటిదాకా పరుచుకుని ఉంటాయి. మనం ఆ పరుపు మీదే కాలవ తవ్వుతాం, కేబులు వేస్తాం, మాను గొంతు దాకా సిమెంటు పోసి రంగుల ఇటుకలు పేరుస్తాం. ఢిల్లీలో చెట్ల మొదళ్ల చుట్టూ ఒక మీటరు మేర సిమెంటు తీసేయమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. మా వీధిలో మొన్న వేసిన ఇటుకలు వేప కాళ్లని నొక్కుకునే ఉన్నాయి.

అందుకని పైకి చూసే ముందు కిందికి చూడాలి. మొదట్లో పుట్టగొడుగుల్లాంటి చెక్క గొడుగులు లేచాయా, మానుకి ఒక పక్క నేల పగిలి ఉబ్బిందా, నిరుడు లేని వంపు ఈ ఏడు వచ్చిందా. ఇందులో ఏది ఉన్నా కొమ్మలు కత్తిరించి లాభం లేదు, తెలిసినవాళ్లని పిలవాలి. కొన్ని గాలులకి ఏ విద్యా పనిచేయదని కూడా ఒప్పుకోవాలి. ములుగు జిల్లా తాడ్వాయి అడవుల్లో 2024 ఆగస్టు 31న ఒక్క పూట గాలికి దాదాపు యాభై వేల చెట్లు కూలాయి. వాటికెవరూ గుండు కొట్టలేదు, సిమెంటూ పోయలేదు.

చెట్టుని బట్టి కూడా ఉంటుంది. గుల్‌మొహర్ మడగాస్కర్ నుంచి వచ్చిన అందగత్తె, కలప పెళుసు, దాని కింద బండి పెట్టకండి. మర్రి ఊడలు తలకి తగులుతున్నాయని కోస్తారు, అవి దాని చేతికర్రలు. కొబ్బరికి పచ్చని మట్టలు దించేస్తే గాలి పట్టదనుకుంటారు. అది తప్పు, ఉన్నది ఒక్కటే మొవ్వు, మట్టలే దానికి కాపు. 2021లో తెలంగాణలో వేపలు కొసల నుంచి మాడిపోతే చచ్చాయనుకుని కొట్టేసినవాళ్లున్నారు. శిలీంధ్రం తెగులు అది, వాటిలో చాలా చెట్లు మళ్లీ చిగురించాయి. కొమ్మ ఎండిందో లేదో గోటితో గీరి చూస్తే తెలుస్తుంది, కింద పచ్చగా ఉంటే ప్రాణముంది.

మాకిక్కడ మంచి అదను జనవరి, ఫిబ్రవరి. వేప ఆకు రాల్చి కొత్త చిగురు వేయకముందు. మేలో కత్తిరిస్తే అప్పటిదాకా నీడలో ఉన్న బెరడు ఎండకి కాలి పగులుతుంది. అంటే మా హోలీ కాగితం కూడా నెలన్నర ఆలస్యంగా వచ్చేదన్నమాట. శ్రావణ అమావాస్యకి ఇక్కడ హరేలీ పండగ, గుమ్మాలకి వేపమండలు కడతారు. ఆ రోజు పిల్లలు కొమ్మల్ని చేత్తో లాగి చీరేస్తారు. నేను గేటుకి ఒక కత్తెర వేలాడదీస్తాను, సగం మంది వాడతారు.

ఒక్కటి మాత్రం నా పాత ఉద్యోగం హోదాలో చెబుతాను. తీగకి రెండు నిలువుల దూరం లోపు ఉన్న ఏ కొమ్మనీ సొంతంగా ముట్టుకోకండి. లైను ఆపించాకే, ఆ పనివాళ్ల చేతే. పచ్చికొమ్మలో కరెంటు పారుతుంది.

మా నాన్న వేపని మూడేళ్లలో విడతలుగా దారికి తెచ్చాం. ఉన్న మూడు పిలకల్లో రెండు తీసేసి, ఒకదాన్ని కురచ చేసి కొత్త తలగా నిలబెట్టాం. తొర్ర అలాగే ఉంది, అందులో ఒక గోరింకల జంట ఉంది. మహాసముంద్ వైపు నుంచి వచ్చే కుర్రాడొకడు ఇప్పుడు మా వీధి చెట్లన్నీ చూస్తాడు. గొడ్డలి తేవద్దన్నాను, రంపమూ నడుముకి పట్టీ తెచ్చుకుంటాడు. కడియం అన్న తెలుగు మాట వాడికి బాగా పట్టుబడింది.

మొన్న ఫిబ్రవరిలో ఎదురింటివాళ్ల కానుగకి వాణ్నే పురమాయించాను. రెండు గంటలు పైనే ఉండి పదమూడు కోతలు కోసి దిగాడు. ఎదురింటాయన అరుగు మీద నుంచి చెట్టుని అటూ ఇటూ చూశాడు. కింద పడ్డ కొమ్మల కుప్ప చూశాడు, మోకాలెత్తు కూడా లేదు. నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు.

"అన్నయ్యా, పన్నెండు వందలిచ్చాను. కత్తిరించినట్టే లేదు. సగం డబ్బులు వెనక్కి అడగమంటారా?"